నూట నాలుగు, నాటౌట్

1877 జూన్ 16, శనివారం

నూట నాలుగు. నాటౌట్. ఇంకోసారి రాసుకుంటాను, ఎవరు చూడొచ్చారు. నూట నాలుగు, నాటౌట్.

నాకు ముప్పై ఆరేళ్ళు. లండన్‌లో వైద్యం చదువుకునే రోజుల్లో ఒకసారి అరవై రెండు కొట్టాను. ఈ ఊరొచ్చి డాక్టరుగా స్థిరపడ్డ ఈ పదకొండేళ్ళలో స్టెన్‌హర్స్ట్ జట్టుకి ఇరవై పరుగులు చేస్తే, ఆ వారమంతా ఈల వేసుకుంటూ పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళేవాణ్ణి. అలాంటిది ఇవాళ, అదీ పక్క ఊరు లాంగ్‌డీన్ మీద, అదీ సైలస్ టప్పెన్ బౌలింగ్‌లో.

సైలస్ ఇళ్ళకి గడ్డి కప్పులు నేసే పనివాడు. నిచ్చెనలు ఎక్కీ ఎక్కీ వాడి భుజాలు దూలాల్లా ఉంటాయి. ఈ చుట్టుపక్కల వాడంత వేగంగా బంతి వేసేవాడు లేడు. కౌంటీ కమిటీలో ఉన్న కర్నల్ ఆష్‌కాంబ్ ఇవాళ గుర్రబ్బండి కట్టించుకుని వచ్చింది నా కోసం కాదు, వాడి కోసమే. కౌంటీ జట్టుకి ఒక జీతపు బౌలర్ కావాలట. పాపం, సైలస్‌ది మంచి రోజు కాదు. నా పరుగులు నలభై దాటాక వాణ్ణి ఎటు కొడితే అటు వెళ్ళింది బంతి. మేం నూట డెబ్బై ఒకటి. వాళ్ళు నూట పద్దెనిమిది.

చిన్న విషయం ఒకటి. నేను పదకొండు మీద ఉండగా సైలస్ వేసిన బంతి నన్ను దాటి వికెట్ కీపర్ పెల్ చేతుల్లో పడింది. లాంగ్‌డీన్ వాళ్ళంతా ఒక్క గొంతుతో అరిచారు. మా అంపైర్ ఒబడయా క్రౌచ్ కాసేపు నావైపు చూసి నాటౌట్ అన్నాడు. ఏదో టిక్కుమన్న మాట నిజమే. ప్యాడ్ బకిల్ అయ్యుంటుంది. ఎడమ ప్యాడ్ బకిల్ ఎప్పటినుంచో వదులు.

ఆట అయ్యాక కర్నల్ బండి దిగి వచ్చి నా చెయ్యి ఊపేశాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారని అడిగాడు. కౌంటీకి ఆడటానికి తీరిక చేసుకోగలరా అని కూడా అడిగాడు. ప్లేగు వచ్చినా చేసుకుంటాననబోయి, చూస్తానన్నాను.

అడీలా టీ డేరాలోంచి వచ్చి బాగా ఆడారు అంది. టీ తాగుతారా అంది. అంతే అంది. నా భార్యకి ఆట పెద్దగా తెలియదు.

జూన్ 17, ఆదివారం

చర్చిలో అందరూ నావైపే చూశారు. కచ్చితంగా బకిలే.

జూన్ 19, మంగళవారం

కీళ్ళ నొప్పుల మిసెస్ పార్జెటర్ ఇవాళ మోకాలు చూపించకుండా ముప్పావుగంట నా సెంచరీ గురించి నాకే చెప్పింది. ఆవిడ ఆటకి రాలేదు. అయినా ఏ బంతి ఏ కంచె దాటిందో అంతా తెలుసు. పోస్టాఫీసులోనూ అదే. మిల్లు దగ్గరా అదే. జ్వరంతో ఉన్న మిల్లు యజమాని లేచి కూర్చుని చెయ్యి కలిపాడు. జ్వరం నిజంగానే తగ్గింది.

సాయంత్రం నా గదిలో ఎడమ ప్యాడ్ కట్టుకుని ఎగిరి చూశాను. బకిల్ మోగుతుందా లేదా అని. మామూలుగా నిలబడితే మోగలేదు. ఒళ్ళు విదిలించుకున్న కుక్కలాగా కాలు ఆడిస్తే మోగింది. అంటే మోగుతుంది. అదే కావలసింది.

తలుపు తీసుకుని అడీలా వచ్చేసరికి ఒంటి ప్యాడ్‌తో ఎగురుతున్నాను. ఏం చేస్తున్నారని అడగలేదు. భోజనం సిద్ధమని చెప్పి తలుపు మెల్లగా వేసి వెళ్ళింది.

జూన్ 21, గురువారం

కర్నల్ దగ్గర్నుంచి ఉత్తరం లేదు.

జూన్ 23, శనివారం

వాన. ఆట లేదు. ఎందుకో హాయిగా అనిపించింది.

జూన్ 25, సోమవారం

వచ్చింది. కౌంటీ ముద్ర ఉన్న మందపాటి కాగితం. జులై పందొమ్మిదిన మొదలయ్యే మ్యాచ్‌కి డాక్టర్ హ్యూబర్ట్ లాంబోర్న్‌గారు జట్టులో ఆడితే కమిటీ సంతోషిస్తుందట. కమిటీ సంతోషం నా సంతోషం ముందు ఏ మూలకి. వంటావిడకి కూడా చదివి వినిపించాను. ఆవిడ పిండి చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టింది.

కింద కర్నల్ స్వదస్తూరీతో ఇంకో రెండు వాక్యాలున్నాయి. సైలస్ టప్పెన్‌ని మీరు చితక్కొట్టిన తీరు చూశాక వాడి ఆలోచన మానుకున్నాం, మాకు పొరపాటు జరగకుండా కాపాడారు, అని.

అడీలాకి ఉత్తరం చదివాను. కింది రెండు వాక్యాలు చదవలేదు. అసలు ఉత్తరం అయిపోయింది కదా అక్కడికి.

జూన్ 27, బుధవారం

లాంగ్‌డీన్ వెళ్ళాల్సి వచ్చింది. రొట్టెలు కాల్చే పెల్ పొయ్యి తలుపు తగిలి చెయ్యి కాల్చుకున్నాడు. ఆ రోజు బంతి పట్టింది ఆ చేతులతోనే. కట్టు కడుతున్నంతసేపూ నోరు మెదపలేదు. ఎప్పుడూ వాగేవాడు. నేనే వాతావరణం గురించీ, పిండి గురించీ, బీరులో వేసే హాప్ తోటల గురించీ మాట్లాడాను. బయల్దేరుతుంటే మాత్రం తలుపు దాకా వచ్చాడు.

"క్రౌచ్ ముసలాయన చెవులు ఒకసారి చూడండి డాక్టరుగారూ. పాపం, చెవుడు ముదిరినట్టుంది" అన్నాడు, కట్టు కట్టిన చేతిని పిల్లిని నిమిరినట్టు నిమురుకుంటూ.

చూస్తానన్నాను. గుర్రం కూడా నావైపు అదోలా చూసినట్టనిపించింది.

జూన్ 28, గురువారం

చూశాను.

క్రౌచ్ గుర్రాలకి జీనులు కుట్టే మనిషి, డెబ్బై దాటాయి. కుడి చెవిలో గులిమి రాయిలా గట్టిపడి ఉంది. నూనె పోసి, వేడినీళ్ళు పిచికారీ చేసి పావుగంటలో తీసేశాను. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని గది చుట్టూ చూశాడు. గడియారం ఇంత గోల చేస్తుందా అని అడిగాడు. కిటికీ బయట పిచ్చుకలున్న సంగతి ఇప్పుడే తెలిసినట్టు ముఖం పెట్టాడు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ రోజు ఆయనకి ఏమీ వినపడలేదని ఆయన నోటితోనే అనిపించుకోవాలనుకున్నాను. అందుకే అడిగాను, ఆ బంతి అప్పుడు నీకేమీ వినపడి ఉండదు కదా అని.

"వినపడకేం డాక్టరుగారూ. చక్కగా వినపడింది. చెక్క చప్పుడే."

"మరి నాటౌట్ అన్నావేం?"

"మీరు కదల్లేదు కదండీ" అన్నాడు క్రౌచ్, ఇందులో అడగడానికేముందన్నట్టు. "బ్యాట్‌కి తగిలితే అందరికంటే ముందు తెలిసేది మీకే. తగిలితే మీరు నా మాట కోసం కూడా ఆగరు, వెళ్ళిపోతారు. మీరు నిలబడ్డారంటే తగల్లేదన్నమాటే. నా చెవి మీద కంటే మీ మీద నాకు గురి."

టోపీ పెట్టుకుని, పిచ్చుకల్ని వింటూ వీధి వెంట వెళ్ళిపోయాడు.

జూన్ 29, శుక్రవారం

బకిల్ కాదు.

జులై 2, సోమవారం

చల్లగా ఆలోచిస్తే ఇందులో ఏముంది. అంపైర్ మాటే చివరి మాట అని ఆట నియమాలే చెబుతున్నాయి. నేను నాటౌట్ అనలేదు, అంపైర్ అన్నాడు. నేను అబద్ధం ఆడలేదు, అసలు నోరే తెరవలేదు. స్కోరు పుస్తకంలో ఎక్కిపోయింది. సైలస్‌కి ఇంకో అవకాశం వస్తుంది, ఇరవై ఆరేళ్ళవాడు. నాకు రాదు.

ఇదంతా కర్నల్‌కి ఉత్తరంగా రాసి చూశాను. ఒక పేజీ నిండింది. మళ్ళీ చదివితే, మందు మింగకుండా చెంచా నాకి చూపించే పేషెంటు మాటల్లా ఉన్నాయి. చింపేశాను.

ఇవాళ పేషెంట్లు ఎక్కువ. అదే మంచిదయింది.

జులై 4, బుధవారం

పొద్దున్నే లాంగ్‌డీన్ నుంచి కబురు. హెస్టర్ టప్పెన్‌కి నొప్పులు మొదలయ్యాయని. సైలస్ భార్య. ఈ వారంలోనే అని నాకు తెలుసు. అయినా బండి ఎక్కే ముందు మందుల సంచీ రెండుసార్లు సర్దాను.

మొదటి కాన్పు. మంత్రసాని గట్టిది, అంతా సవ్యంగానే ఉంది, కానీ ఇంకా రెండు మూడు గంటలు పట్టేలా ఉంది. హెస్టర్ నొప్పికీ నొప్పికీ మధ్య నాతో, "ఆయన్ని కాస్త కూర్చోబెట్టండి డాక్టరుగారూ, ఆ అడుగుల చప్పుడు భరించలేకపోతున్నాను" అంది. అందుకని పెరట్లోకి వెళ్ళాను.

సైలస్ బల్ల మీద కూర్చున్నాడు. కప్పు గడ్డిని బిగించే హేజెల్ పుల్లల్ని కత్తితో చీలుస్తున్నాడు. చేతులు ఊరికే ఉండలేవని చెప్పాడు. పక్కన జాగా ఇచ్చాడు. కాసేపు తేనెటీగల గురించి మాట్లాడుకున్నాం. వాడు ఏమంటాడో నాకు తెలుసు. ఏం జవాబివ్వాలో కూడా దారిలో సిద్ధం చేసుకున్నాను. అంపైర్ మాటే చివరి మాట.

"ఒకటి అడుగుతాను డాక్టరుగారూ, కోపగించుకోకండి" అన్నాడు, తల ఎత్తకుండానే.

అడగమన్నాను.

"మీరు పదకొండు మీద ఉన్నప్పటి బంతి. దాని కోసం మూడు ఓవర్లు కాపు కాశాను. అన్నీ లోపలికే వేశాను, మీ ఎడమ కాలు ముందుకు రావడం అలవాటయ్యేదాకా. ఆ తర్వాత ఒకటి బయటికి వదిలాను. అది నేననుకున్నట్టే పడిందా, లేక నాకలా అనిపించిందా? నిచ్చెన మీదున్నా అదే ఆలోచన. నాకింకేం అక్కర్లేదు. అది మంచి బంతా కాదా చెప్పండి చాలు. ఎదురుగా ఉన్నది మీరొక్కరే కదా."

నేను సిద్ధం చేసుకున్న జవాబు ఈ ప్రశ్నకి కాదు.

లోపల హెస్టర్ గట్టిగా మూలిగింది. వాడి చేతిలో కత్తి ఆగింది. మళ్ళీ నెమ్మదించాక కదిలింది. ఆ కాసేపట్లో నేను ఎంత చిన్నవాణ్ణయ్యానో రాయడానికి ఈ పుస్తకం చాలదు.

"మంచి బంతి సైలస్. నా జన్మలో అంత మంచి బంతి ఆడలేదు. బ్యాట్ అంచుకి తగిలింది. పెల్ పట్టాడు. నేను అవుటే."

వాడు ఇంకో పుల్ల తీసుకుని చీల్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎంత తగిలింది?"

"గోరంత. బయటి అంచు."

"నేనూ అంతే అనుకున్నాను" అన్నాడు. ముఖమంతా విప్పారింది. ఆ బంతికి వేళ్ళు ఎలా పెట్టాడో ఒక పుల్ల ముక్క పట్టుకుని చూపించడం మొదలుపెట్టాడు. ఒక గోడ కట్టడంలో కిటుకు చెబుతున్న మేస్త్రీలా. నన్ను అవుట్ చేసిన బంతి గురించి అరగంట పాఠం చెప్పించుకున్నాను. కౌంటీ ఉత్తరంలో వాడి గురించి ఏం రాశారో అప్పుడు చెప్పాను. వాడు తల ఊపాడు. అది నేరుగా నావల్లేనని వాడికి అర్థమైంది, నాకూ అర్థమైంది.

మూడు గంటల నలభై నిమిషాలకి ఆడపిల్ల. ఎర్రగా, బొద్దుగా, ఊపిరి తీయడమే తరువాయి ఊరంతా వినపడేలా ఏడ్చింది. థర్జా అని పేరు పెట్టారు. సైలస్ కూతుర్ని ఎత్తుకోవడానికి భయపడ్డాడు. ఆ చేతుల్లోంచి ఏదీ జారదు, ఎత్తుకోమన్నాను.

జులై 5, గురువారం

కర్నల్‌కి ఉత్తరం రాశాను. నాలుగు వాక్యాలు. పదకొండు దగ్గర నేను అవుట్, నాకు తెలుసు, తెలిసీ నిలబడ్డాను. మిగతా తొంభై మూడు నావి కావు. సైలస్ టప్పెన్‌ని మీరు చూసిన రోజున వాడు నన్ను ఓడించాడు. దయచేసి వాణ్ణి మళ్ళీ చూడండి. పనిమనిషికి ఇవ్వకుండా నేనే నడిచి వెళ్ళి డబ్బాలో వేశాను. వేశాక చెయ్యి పట్టేంత సందు ఉందా అని ఒకసారి చూసిన మాట నిజం. లేదు.

ఇంటికొచ్చి అడీలాకి చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక బకిల్ దగ్గర మొదలుపెట్టాను. ఆవిడ అల్లిక పక్కన పెట్టలేదు.

"టీ డేరా దాకా వినపడింది హ్యూబర్ట్. మీరొచ్చేస్తున్నారు కదా అని మీ కోటు చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కుర్చీ మీద పెట్టేశాను."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"మీకు మీరుగా చెబుతారని. పదిహేను రోజులు పడుతుందనుకున్నాను. నాలుగు రోజులు ఎక్కువ తీసుకున్నారు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను ఒంటి ప్యాడ్‌తో ఎగరడం గుర్తొచ్చి ఆవిడ ఇంకాసేపు నవ్వింది.

నా భార్యకి ఆట పెద్దగా తెలియదని పైన ఎక్కడో రాశాను. కొట్టేస్తున్నాను.

జులై 9, సోమవారం

జవాబు లేదు. కర్నల్ మనసులో మెచ్చుకుని, నా నిజాయితీకి నన్ను జట్టులో ఉంచే అవకాశం లేకపోలేదు.

జులై 11, బుధవారం

లేదు.

ఉత్తరం మర్యాదగానే ఉంది. సైలస్‌ని ఇరవై మూడున కౌంటీ మైదానంలో కుర్రాళ్ళ పరీక్ష మ్యాచ్‌కి పిలుస్తున్నారు. అది చాలా మంచి మాట. పందొమ్మిదో తేదీ మ్యాచ్‌లో నా స్థానం ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న మిస్టర్ ఫెన్ అనే ఆయనకి ఇచ్చారు. ఆయన ఈమధ్య ఎనభై ఒకటి కొట్టాడట. అన్నీ తనవేనట. ఈ మాట కర్నల్ కావాలనే రాశాడు.

నాకేమీ బాధ లేదు.

జులై 12, గురువారం

నాకేమీ బాధ లేదని నిన్న రాశాను. ఇవాళ కూడా లేదు.

జులై 13, శుక్రవారం

ఉంది.

జులై 14, శనివారం

ఆటలో మూడు పరుగులు. స్టంపు ఎగిరిపోయింది. ఇందులో అంపైర్ అవసరం రాలేదు.

టీ వేళ మా జట్టు వాళ్ళకి అంతా చెప్పాను. వాళ్ళు నా భుజం తట్టి మెచ్చుకుంటారని లోపల ఎక్కడో అనుకున్నాను కాబోలు. ఎవరూ తట్టలేదు. లాంగ్‌డీన్ మీద ఆరేళ్ళకి ఒకసారి గెలిచాం, ఆ ఒక్క గెలుపూ పట్టుకెళ్ళి పోస్టు డబ్బాలో వేశారా అన్నాడు కమ్మరి. క్రౌచ్ మాత్రం నా దగ్గరికొచ్చి, ఇక మీదట తన చెవినే నమ్ముకుంటానన్నాడు. కోపంగా కాదు. నా ముఖం చూడలేక బూట్లు చూస్తూ చెప్పాడు. అదే ఎక్కువ తగిలింది. నమ్మమని, చెవి ఇప్పుడు బాగుందని చెప్పాను.

మిసెస్ పార్జెటర్‌కి కూడా చెప్పాను. వంద కొట్టిన డాక్టరు మందిస్తే మోకాలు బాగుండేదట. ఇప్పుడు మళ్ళీ నొప్పి మొదలైందట.

ఆ గెలుపు మీదేనని లాంగ్‌డీన్ వాళ్ళకి కబురు పంపాను. అక్కర్లేదు, సెప్టెంబర్‌లో మళ్ళీ వచ్చి తిన్నగా ఓడిస్తామని జవాబు. దానితోపాటు పెల్ ఒక రొట్టె పంపాడు. బ్యాట్ ఆకారంలో కాల్చాడు. అంచు మీద గోరంత పెచ్చు ఊడగొట్టి మరీ పంపాడు. చాలా బాగుంది రొట్టె.

జులై 24, మంగళవారం

సైలస్ నాలుగు మైళ్ళు నడిచి వచ్చాడు. పాప మెడ మీద ఎర్రగా పొక్కిందని చెప్పాడు. ఆ పొక్కు గురించి ఒక మాట చెప్పి, ఇక ఆపుకోలేక మిగతాది చెప్పాడు. పరీక్షలో ఏడు వికెట్లు. ఆగస్టు పదహారు మ్యాచ్‌కి రమ్మన్నారు.

పొక్కుకి పూతమందు ఇచ్చాను. వాడు తీసుకోవడం మర్చిపోయి వెళ్ళిపోయాడు. మందు నేనే పట్టుకెళ్ళాను, హెస్టర్ ముఖం చూడాలని.

ఆగస్టు 16, గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి నేనే నమ్మను.

అడీలా, నేను పొద్దుటి రైలుకి వెళ్ళాం. పందిమాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు, ప్లమ్ పళ్ళ పాయ్ బుట్టలో పెట్టుకున్నాం. చంటిబిడ్డతో రాలేనని హెస్టర్, ఒక్క బంతి కూడా వదలకుండా చూసొచ్చి చెప్పమని నా దగ్గర మాట తీసుకుంది. జీతం తీసుకోకుండా ఆడే పెద్దమనుషులు డేరా ముందున్న తెల్లగేటు లోంచి మైదానంలోకి వచ్చారు. జీతపు ఆటగాళ్ళు పక్కనున్న చిన్న గేటు లోంచి. సైలస్ చొక్కా కొత్తది. దాని మడతలు ఇక్కడిదాకా కనపడుతున్నాయి. కంగారు కూడా కనపడుతోంది. మొదటి గంటంతా బంతి వాడి మాట వినలేదు. ఒక్క వికెట్ లేదు. అవతలి జట్టులో మీసాల లాయరు ఒకాయన అరవై దాటి, భోజనం అయ్యాక నడకకి బయల్దేరినవాడిలా తీరిగ్గా కొడుతున్నాడు.

మధ్యాహ్నం మిస్టర్ ఫెన్ ఒక బంతి ఆపబోతే వేలి కీలు తప్పింది. డాక్టరు ఎవరైనా ఉన్నారా అని కేక వేశారు. వెళ్ళాను. నా చోటులో ఆడుతున్న మనిషి వేలు నా చేతిలో ఉంది. గట్టిగా లాగి సరిచేశాను, అవసరమైనంత గట్టిగానే. మంచి కుర్రాడు. కన్నీళ్ళు కారుతున్నా థాంక్స్ చెప్పాడు. ఇవాళ మళ్ళీ ఆడకూడదన్నాను.

కర్నల్ ఆష్‌కాంబ్ అక్కడే నిలబడి ఉన్నాడు. జట్టులో మిగులు మనిషి రైలు తప్పిపోయాడట. అవతలి కెప్టెన్ బదులు మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. కర్నల్ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశాడు. పొద్దు గుంకేదాకా నిలబడగలరా, ఫీల్డింగ్ మాత్రమే అన్నాడు. నిలబడటంలో నాకు అనుభవం ఉందన్నాను. ఆయన మీసం కింద నవ్వాడో లేదో చెప్పలేను.

ఫెన్ నాకంటే జానెడు పొడుగు. ఆయన ప్యాంటు రెండు మడతలు పెట్టాను. బూట్లలోకి అడీలా రెండు చేతిరుమాళ్ళు కుక్కింది. కౌంటీ మైదానంలోకి మొదటిసారి అడుగుపెట్టాను. జనం కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను ఎక్కడో దూరంగా, తాడు దగ్గర నిలబెట్టారు.

సైలస్ నన్ను చూసి టోపీ ముట్టుకున్నాడు. తర్వాతి ఓవర్లో ఒకణ్ణి బౌల్డ్ చేశాడు. ఇంకాసేపటికి మరొకణ్ణి. మడతలు చెమటకి కరిగిపోయాయి, చొక్కా వాడిదయింది. అప్పుడు లాయరు ఒక బంతిని బలంగా పైకి లేపాడు.

అది నావైపే వస్తోంది. ముందుకు పరిగెత్తాను. తప్పు. వెనక్కి పరిగెత్తాను. ఒక బూటు ముందే ఉండిపోయింది. ఎండ కళ్ళలో పడింది. బంతి కనపడలేదు. దాని చప్పుడు మాత్రం వినపడింది, నా ఛాతీ మీద. రెండు చేతులూ ఎలా కలిశాయో తెలియదు. కింద పడి కళ్ళు తెరిచి చూస్తే గడ్డానికీ మోచేతికీ మధ్య ఎర్రగా బంతి ఉంది. లాయరు నా వైపు చూశాడు. నేలకి తగల్లేదు కదా అని ఆయన అడిగాడు. తగల్లేదని, ఒట్టు వేసి చెప్పమన్నా చెబుతానన్నాను. అక్కర్లేదని టోపీ ఎత్తి వెళ్ళిపోయాడు.

సైలస్ మైదానం అడ్డంగా నడుచుకుంటూ వచ్చాడు, నా బూటు చేత్తో పట్టుకుని.

"ఇది మాత్రం చెత్త బంతి డాక్టరుగారూ. చెయ్యి జారింది."

"పట్టిందీ చెత్తగానే."

"అవుననుకోండి" అన్నాడు సైలస్. వాడు బూటు ఇస్తూ నవ్వు ఆపుకోలేక వంగిపోయాడు.

రోజు ముగిసేసరికి వాడికి ఐదు వికెట్లు. అందరం బయటికి నడిచాం. మాట్లాడుకుంటూ వాడితోపాటే చిన్న గేటు వైపు వెళ్ళిపోయాను. కర్నల్ ఇటు కాదు అటు అని పిలిచాడట. నాకు వినపడలేదు. అడీలా చెబితే తెలిసింది.

ఆగస్టు 18, శనివారం

పత్రిక వచ్చింది. స్కోరంతా వేశారు. పట్టుకుని లాంగ్‌డీన్ వెళ్ళాను.

హెస్టర్‌కి చదువు రాదు. సైలస్ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. ఐదుచోట్ల చూపించాను. ఆరో చోట కూడా అదే అక్షరాలు ఉన్నాయేమిటని అడిగింది. అది బౌలర్ల జాబితా అన్నాను. థర్జాని ఆ కాగితం దగ్గరికి ఎత్తి, ఆ అక్షరాల మీద పిల్ల చెయ్యి ఆనించింది. పిల్ల కాగితం మూల నోట్లో పెట్టుకుంది. ఆ రోజు ఆటంతా బంతి బంతికీ చెప్పాను. రెండు గంటలు పట్టింది. నేను పడిన చోటు రెండుసార్లు చెప్పించుకుంది.

ఇంటికొచ్చాక అడీలా పత్రిక తీసుకుని లాయరు పేరున్న వరుస వెతికింది. చిన్న అక్షరాలు. "క్యాచ్: బదులు ఆటగాడు. బౌలర్: టప్పెన్." బదులు వచ్చినవాళ్ళ పేర్లు వెయ్యరు. కౌంటీ పుస్తకాల్లో నా పేరు ఇక ఎప్పటికీ ఉండదు. అడీలా కలం ముంచి, పక్కన హెచ్. లాంబోర్న్ అని రాయనా అని అడిగింది.

వద్దన్నాను. అలాగే కత్తిరించి ఇక్కడ అంటించాను. నా గురించి పత్రికలో ఇంత మంచి మాట ఇంతకుముందెప్పుడూ పడలేదు.